షీల్డు కన్నా డబ్బే మేలు కదా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఉద్యోగంలో మంచి పనికి గుర్తుగా ఇచ్చే షీల్డులు, పతకాలు, నాణేలు, పిన్నుల గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటిని ఈసారి తీసుకున్నాం. సిబ్బంది వ్యవహారాలు చూసేవాళ్లూ, చెక్కుడు పని తెలిసినవాళ్లూ కలిసి రాసిన జవాబులివి.

ప్రశ్న: మా గిడ్డంగిలో ఏటా ఉత్తమ కార్మికుడికి షీల్డు ఇస్తాం. "ఇది అటక మీద దుమ్ము కొట్టుకుపోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు, ఆ డబ్బేదో చేతిలో పెట్టండి" అంటున్నారు కుర్రాళ్లు. వాళ్ల మాటలో తప్పేముంది?
– ఒక సూపర్‌వైజరు

జవాబు: తప్పేమీ లేదు. జీతం ఆలస్యమయ్యే చోట, ఓవర్‌టైం లెక్క తేలని చోట షీల్డు చేతికిస్తే వెక్కిరించినట్టే ఉంటుంది. ముందు అవి సరిచేయాలి. అవి సవ్యంగా ఉంటేనే ఈ చర్చకు అర్థం.

సవ్యంగా ఉన్నచోట మాత్రం సంగతి కాస్త చిత్రంగా నడుస్తుంది. జర్మనీలో ఒక యూనివర్సిటీ లైబ్రరీ పుస్తకాల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించడానికి తాత్కాలికంగా మనుషుల్ని పెట్టి, కూబే, మారెషాల్, పుప్పె అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. 2012లో అచ్చయింది. కొందరికి మాట్లాడుకున్న కూలి మీద 7 యూరోలు అదనంగా ఇచ్చారు. మరికొందరికి అంతే ఖరీదైన థర్మాస్ ఫ్లాస్కును బహుమతిలా చుట్టి ఇచ్చారు. డబ్బు అందుకున్నవాళ్ల పని 5 శాతం పెరిగింది, అంటే లెక్కలోకి రానంత. ఫ్లాస్కు అందుకున్నవాళ్ల పని 25 శాతం పెరిగింది. ఈ రెండింటిలో ఏది కావాలో చెప్పమంటే మాత్రం ఎక్కువమంది డబ్బే కావాలన్నారు! మీ కుర్రాళ్లు కోరుకునేదీ అదే మరి. ఇంకో గుంపుకి డబ్బే ఇచ్చారు, కాకపోతే నోటును చొక్కా ఆకారంలో మడిచి ఇచ్చారు. అది ఫ్లాస్కుకు ఏమాత్రం తీసిపోకుండా పనిచేసింది. కాబట్టి డబ్బా వస్తువా అన్నది కాదు తేడా. తన కోసం ఎవరో శ్రమ తీసుకున్నారని తెలియడంలో ఉంది.

జ్యూరిచ్‌లో కోస్‌ఫెల్డ్, నెకర్‌మాన్ చేసిన ప్రయోగంలో (2011) బహుమతి ఇంకా చిన్నది: పెద్దల సంతకాలున్న ఒక అభినందన కార్డు, పైసా విలువ లేనిది. డేటా ఎంట్రీ చేసే విద్యార్థుల పని సగటున 12 శాతం పెరిగింది. ఇవన్నీ కొద్ది గంటల పనులు, అది మరచిపోకూడదు. ఏళ్లతరబడి అదే చోట పనిచేసేవాళ్లకి ఏటా అదే షీల్డు, అదే మాట వినిపిస్తే ఈ శాతాలు నిలుస్తాయని ఎవరూ పూచీ ఇవ్వలేరు.

మా సలహా: బోనస్ బోనస్‌గా జీతంతో వెళ్లాలి, గుర్తు గుర్తుగా విడిగా అందాలి. షీల్డుతో పాటే కవరు కూడా వేదిక మీద ఇచ్చారంటే చూసేవాళ్ల దృష్టంతా కవరులో ఎంతుందన్న దాని మీదకే పోతుంది.

ప్రశ్న: మా దగ్గర షీల్డు మీద "బెస్ట్ ఎంప్లాయీ" అని, కింద పేరు, సంవత్సరం ఉంటాయి. ఇంకేం రాయించాలి?
– ఒక ఆఫీసు మేనేజరు

జవాబు: "బెస్ట్ ఎంప్లాయీ" అన్న మాటే తీసేయమంటాం. అది ఒకరిని పొగిడి మిగతా అందరినీ తీసిపారేస్తుంది, పైగా ఏం చేసినందుకో చెప్పదు. అయిదేళ్ల తర్వాత ఆ షీల్డు చూసిన మనవాళ్లకే కాదు, అందుకున్న మనిషికి కూడా గుర్తుండదు.

నాలుగు సంగతులు ఉంటే చాలు: పేరు, చేసిన పని, తేదీ, ఇచ్చిందెవరు. వీటిలో చేసిన పనికే ఎక్కువ చోటు ఇవ్వండి. ఉదాహరణకు: "అక్టోబరు 14 రాత్రి షిఫ్టులో 2వ నంబరు బాయిలరు ప్రెషర్ గేజ్ తప్పు చూపుతోందని పసిగట్టి పని ఆపించినందుకు." ఇలా ఒక్క వాక్యం. విశేషణాలు అక్కర్లేదు. "అంకితభావం", "నిరుపమాన సేవలు" లాంటి మాటలు ఏ షీల్డు మీదైనా అతుకుతాయి, అదే వాటితో చిక్కు. ఈ వాక్యం రాయబోతే రాయడానికి ఏమీ తట్టలేదంటే, ఆ ఎంపికనే మళ్లీ చూసుకోవాలి.

ఎవరి చేతుల మీదుగా ఇవ్వాలన్నది కూడా ఇందులో భాగమే. నాసాలో 1968 నుంచి స్నూపీ అనే కార్టూన్ కుక్క బొమ్మతో చిన్న వెండి పిన్ను ఇస్తున్నారు. అంతరిక్ష నౌకలో ఒకసారి వెళ్లొచ్చిన పిన్ను అది. ఏడాదికి అందుకునేది సిబ్బందిలో ఒక శాతం కన్నా తక్కువ. దాన్ని ఇచ్చేది ఏ డైరెక్టరో కాదు, వ్యోమగామి. నువ్వు బిగించిన బోల్టు మీద నా ప్రాణం ఆధారపడిందని చెప్పగలిగిన మనిషే వచ్చి పిన్ను పెడతాడు. మీ ఆఫీసులో కూడా ఆ పని వల్ల మేలు పొందిన మనిషి ఎవరో వెతకండి. పక్క విభాగం వాళ్లు కావచ్చు, తర్వాతి షిఫ్టు వాళ్లు కావచ్చు. పై అధికారి పక్కన నిలబడితే చాలు.

వేళ కూడా ముఖ్యం. పని జరిగిన రెండు వారాల్లోపు అందితే బాగుంటుంది. ఏడాది చివరి సభ దాకా ఆగితే జనవరిలో చేసిన పని డిసెంబరుకి ఎవరికీ గుర్తుండదు. అందుకని పేరు లేని షీల్డులు పదో పన్నెండో ముందే చేయించి పెట్టుకుని, అవసరమైనప్పుడు పేరు ప్లేటు ఒక్కటి చెక్కించి అతికించడం తేలిక.

ప్రశ్న: సంవత్సరమంతా ఒక్క రోజు కూడా మానకుండా, వేళకు వచ్చినవాళ్లకి పతకం ఇద్దామనుకుంటున్నాం. మంచిదేనా?
– ఒక చిన్న పరిశ్రమ యజమాని

జవాబు: వద్దు. అమెరికాలో బట్టలుతికే పరిశ్రమల మీద గబ్లర్, లార్కిన్, పియర్స్ చేసిన పరిశీలన (2016) ఒకటి ఉంది. ఒక ప్లాంటులో నెలంతా వేళకు వచ్చినవాళ్ల పేర్లు లాటరీ తీసి గిఫ్ట్ కార్డు ఇచ్చారు. ఆలస్యాలు తగ్గాయి, నిజమే. కానీ ఆలస్యమయ్యేలా ఉంటే ఒంట్లో బాగాలేదని ఏకంగా ఆ రోజే మానేయడం మొదలైంది, ఎందుకంటే చెప్పి మానితే రికార్డు చెడదు. ఒకసారి ఆలస్యమై అవకాశం పోయినవాళ్లు ఆ నెలలో మళ్లీ పాత దారిలోనే పడ్డారు. అన్నిటికన్నా చెడ్డది, ఎవరూ చెప్పకుండానే వేళకు వచ్చే మంచి పనివాళ్ల ఉత్సాహం చప్పబడింది. ప్లాంటు మొత్తం మీద ఉత్పాదకత 1.4 శాతం తగ్గింది.

పైగా జ్వరంతో ఉన్న మనిషి పతకం పోతుందని పనిలోకి వచ్చి నలుగురికి అంటిస్తాడు. హాజరు మామూలుగా ఉండాల్సిన విషయం, దానికి జీతం ఉంది. గుర్తు ఇవ్వాల్సింది మామూలు దాటిన పనికి.

ప్రశ్న: అక్రిలిక్ షీల్డులు వచ్చాక వేలిముద్రలు పోవడానికి స్పిరిట్‌తో తుడిచాం. రెండు రోజుల్లో అక్షరాల చుట్టూ, అంచుల దగ్గర వెంట్రుకల్లాంటి తెల్లని పగుళ్లు వచ్చాయి. సరుకు నాసిరకమా?
– ఒక ఆఫీసు అసిస్టెంటు

జవాబు: సరుకు తప్పయి ఉండకపోవచ్చు, స్పిరిట్ తప్పు. లేజరుతో కోసినా, చెక్కినా ఆ వేడికి అక్రిలిక్ అంచు వెంట లోపల బిగువు మిగిలిపోతుంది. కంటికి కనబడదు. దాని మీద ఆల్కహాల్ పడగానే ఆ బిగువంతా సన్నని పగుళ్లుగా బయటపడుతుంది. ఒక్కోసారి నిమిషాల్లో, ఒక్కోసారి రోజుల తర్వాత. వచ్చిన పగుళ్లు పోవు, వాటికి మందు లేదు. అమ్మోనియా కలిసిన అద్దాల క్లీనరు, అసిటోన్ కూడా ఇదే పని చేస్తాయి.

తుడవాలంటే గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల డిష్‌వాష్ ద్రవం, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డ. పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, స్థిర విద్యుత్తు పుట్టి దుమ్ము ఇంకా అంటుకుంటుంది. ముందుగా ఆర్డర్ ఇచ్చేటప్పుడు రెండు మాటలు అడగండి. ఒకటి, కాస్ట్ అక్రిలిక్కేనా? చెక్కితే అక్షరం మంచులా తెల్లగా వచ్చేది అందులోనే. ఎక్స్‌ట్రూడెడ్ రకంలో అక్షరం పారదర్శకంగా ఉండిపోయి చదవడానికి రాదు. రెండు, కోశాక అనీలింగ్ చేస్తారా? అంటే 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు ఉంచి నెమ్మదిగా చల్లార్చడం. చేస్తే లోపలి బిగువు చాలావరకు పోతుంది.

ఇక ఊడిపోయే పేరు ప్లేట్ల గురించి కూడా చాలామంది అడిగారు. ఫోమ్ ఉన్న రెండువైపుల టేపుకి పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది. సభ రోజు పొద్దున అతికించి సాయంత్రం చేతికిస్తే ప్లేటు జారుతుంది మరి. అతికించే చోట సబ్బునీళ్లతో తుడిచి బాగా ఆరనిచ్చి, ప్లేటును 15 సెకన్లయినా గట్టిగా అదిమి పట్టండి.

క్రిస్టల్ గాజువి కొనేవాళ్లకి ఒక హెచ్చరిక. గోళాకారంగా ఉన్నవాటిని ఎండ పడే కిటికీ దగ్గర, కాగితాల పక్కన పెట్టొద్దు. భూతద్దంలా ఎండను ఒకచోటికి చేర్చి నిప్పు రగిలిస్తాయి, ఇలాంటి అగ్నిప్రమాదాలు నిజంగానే జరిగాయి.

ప్రశ్న: పేర్లు తెలుగులో చెక్కిస్తే ఒత్తులు విడిపోయి, ఒక్కో చోట అక్షరమే మారిపోయి వస్తున్నాయి. ఇంగ్లీషులోనే చెక్కించుకోండి అంటున్నాడు చెక్కేవాడు.
– ఒక స్టోర్స్ ఇన్‌చార్జి

జవాబు: ఆయన మాట వినొద్దు. జబ్బు ఎక్కడుందో తెలిస్తే మందు తేలికే.

మీరు యూనికోడ్‌లో టైపు చేసి వాట్సాప్‌లో పంపుతారు. ఆయన దాన్ని చెక్కుడు యంత్రం తాలూకు పాత సాఫ్ట్‌వేర్‌లో పేస్టు చేస్తారు. దానికి తెలుగు గుణింతాలు, ఒత్తులు కలపడం రాదు. "లక్ష్మి" కాస్తా "లక్‌ష్‌మి" అవుతుంది. లేదా మీరు వాడిన ఫాంటు ఆయన దగ్గర లేక, అదే చెప్పకుండా ఇంకోటి పెట్టేస్తుంది. ఇంకా పాతకాలపు యూనికోడ్ కాని ఫాంటులోకి మారిస్తే ఆ మార్పిడిలో కొన్ని అక్షరాలు ఎగిరిపోతాయి.

చేయాల్సింది ఇది. తెలుగు సరిగ్గా చూపించే సాఫ్ట్‌వేర్‌లో పేరు వేసి, అక్షరాల్ని కర్వ్స్‌గా మార్చి పీడీఎఫ్‌గా ఇవ్వండి. అప్పుడు అది అక్షరం కాదు, బొమ్మ. ఏ యంత్రమూ దాన్ని విడగొట్టలేదు. కర్వ్స్‌గా మార్చాక ఇక దిద్దడం కుదరదు కాబట్టి మార్చేముందే చూసుకోవాలి, అసలు ఫైలు విడిగా దాచుకోవాలి.

సైజు రెండో సమస్య. ఇంగ్లీషు అక్షరం 3 మిల్లీమీటర్ల ఎత్తులో చదవొచ్చు. తెలుగుకి తలకట్టు పైన, ఒత్తు కింద కావాలి, 5 మిల్లీమీటర్లకు తగ్గించొద్దు. వరుసల మధ్య ఖాళీ కూడా ఎక్కువ వదలాలి, లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడిలోకి దిగుతుంది. చిన్న సైజులో ముందు చెడేవి ధ కింది చిన్న గీత, థ కడుపులో చుక్క, ఘ, ఖ, క్ష లోపలి ఖాళీలు. "మాధవి" కాస్తా "మాదవి" అయ్యేది ఇక్కడే. సన్నగీత, లావుగీత తేడా ఎక్కువున్న అలంకారపు ఫాంటు వద్దు, ఒకే మందంతో నడిచే గుండ్రని ఫాంటు తీసుకోండి.

ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరాలు ఎన్ని అన్నది ఫోన్లో అడిగి రాసుకోవద్దు. ఆ మనిషి సంతకం చేసే తీరు హాజరు పట్టీలో ఉంటుంది, రికార్డులో పేరుతో దాన్ని పోల్చి చూడండి. అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీయించి, టైపు చేసినవాళ్లు కాకుండా ఇంకొకరి చేత అక్షరం అక్షరం పైకి చదివించండి. టైపు చేసిన కన్ను తప్పును చూడదు.

ఇత్తడి ప్లేటయితే ఒక మాట. కొయ్య, అక్రిలిక్ చెక్కే సీఓ2 లేజరు ఉత్త ఇత్తడిని ముట్టదు, కాంతి వెనక్కి తిరిగిపోతుంది. ఫైబర్ లేజరు గానీ, వజ్రపు మొనతో గీసే యంత్రం గానీ కావాలి. కొందరు పైన ప్రింటు వేసి చెక్కామంటారు. గోరు ఆనించి చూడండి, గాడి తగలాలి. ఇత్తడి మీద లాకర్ పూత (వార్నిష్ లాంటిది) ఉంటే పాలిష్ పెట్టొద్దు. పూత అక్కడక్కడా లేచిపోయి మచ్చలు పడుతుంది, గాడిలో పాలిష్ తెల్లగా ఎండిపోతుంది.

ప్రశ్న: మా విభాగాల మధ్య తిరిగే రన్నింగ్ షీల్డు ఉంది. పేర్ల ప్లేట్లు నిండిపోయాయి. వరుసగా గెలిచిన విభాగం ఇక తమదే అంటోంది.
– ఒక సంక్షేమ కమిటీ సభ్యుడు

జవాబు: మూడుసార్లు గెలిస్తే సొంతం అన్న నియమం ప్రపంచకప్ ఫుట్‌బాల్‌లోనూ ఉండేది. దాని ప్రకారమే 1970లో జూల్స్ రిమే కప్పు బ్రెజిల్ సొంతమైంది. 1983లో దొంగలెత్తుకుపోయారు, మళ్లీ దొరకలేదు. ఇప్పటి కప్పు ఎన్నిసార్లు గెలిచినా ఫిఫాదే, గెలిచిన జట్టు దగ్గర ఉండేది నకలు. మీరూ అదే పెట్టుకోండి: అసలు షీల్డు ఉమ్మడి సొత్తు, గెలిచిన విభాగానికి అరచేతి సైజు నకలు శాశ్వతంగా.

నిండిపోవడానికి ఐస్ హాకీ స్టాన్లీ కప్పు దారి బాగుంది. దాని కింది భాగంలో అయిదు పట్టీలు, ఒక్కో పట్టీకి 13 జట్ల పేర్లు. నిండగానే అన్నిటికన్నా పాత పట్టీని తీసి హాకీ మ్యూజియంలో పెట్టి, కొత్త పట్టీ వేస్తారు. మీరూ పాత ప్లేట్లు పారేయకుండా ఒక బోర్డు మీద బిగించి గోడకు పెట్టండి. (ఆ కప్పు మీద జాక్ ప్లాంట్ అనే గోల్‌కీపరు పేరు రకరకాల స్పెల్లింగులతో ఉంది. అక్షరం అక్షరం చదివించండి అన్నది ఊరికే కాదు.)

షీల్డు ఎవరి దగ్గరుంది, ఏ తేదీన ఇచ్చారు, ఏ స్థితిలో తిరిగొచ్చింది అన్నది రిజిస్టరులో సంతకంతో ఉండాలి. తరువాతి సభకు 15 రోజుల ముందు వెనక్కి తెప్పించుకోండి, చెక్కించడానికి సమయం ఉంటుంది.

ప్రశ్న: షీల్డులకు బదులు జేబులో పట్టే నాణెమో, పిన్నో చేయించాలని ఉంది. ఏమేం చూసుకోవాలి?
– ఒక ప్లాంటు ఇంజనీరు

జవాబు: మంచి ఆలోచన. ఇలాంటి నాణేలు సైన్యాల్లో బాగా వాడుకలో ఉన్నాయి. మామూలుగా 38 నుంచి 50 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం. దీనికన్నా పలచనైతే చేతికి బరువు తెలియక ఆడుకునే బిళ్లలా అనిపిస్తుంది. గుండ్రంగా ఉండి గీతలు పదునుగా రావాలంటే ఇత్తడి మీద డై (బొమ్మ చెక్కిన ఉక్కు ముద్ర) కొట్టిస్తారు. మధ్యలో కన్నాలు, వింత ఆకారాలు కావాలంటే జింక్ మిశ్రమాన్ని అచ్చులో పోయిస్తారు. రంగు వేయించేటట్టయితే, సాఫ్ట్ ఎనామిల్‌లో రంగు గీతల కన్నా లోతుగా ఉంటుంది, వేలికి తగులుతుంది. హార్డ్ ఎనామిల్ అద్దంలా సమంగా ఉంటుంది, గీతలు తక్కువ పడతాయి.

ఖర్చంతా డైలో ఉంటుంది. పది చేయించినా వంద చేయించినా డై అదే. అందుకే ఎక్కువ చోట్ల 50 లేదా 100కి తక్కువ తీసుకోరు. దానికి తగ్గట్టు డై మీద సంవత్సరం వేయించకండి, మిగిలినవి వచ్చే ఏడాదికి పనికిరావు. వెనకవైపు 25 మిల్లీమీటర్ల పొడవు, 8 మిల్లీమీటర్ల వెడల్పు నున్నని జాగా వదిలిస్తే పేరు, తేదీ అప్పటికప్పుడు లేజరుతో వేయించొచ్చు. డై ఎవరి సొత్తు, ఎన్నేళ్లు దాచిపెడతారు అన్నది బిల్లు మీద రాయించుకోండి. వంద ఉన్నాయి కదా అని వందా పంచేస్తే మాత్రం దానికి విలువ పోతుంది.

పిన్ను 20–25 మిల్లీమీటర్లుంటే సరిపోతుంది. వెనక ఒకే మేకు ఉంటే గిర్రున తిరుగుతుంది, రెండు పెట్టించండి. అయస్కాంతం పిన్నులు చొక్కాకు కన్నం చేయవు గానీ, పేస్‌మేకరు ఉన్నవాళ్లకి ప్రమాదం. అయస్కాంతం దానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, చొక్కా జేబు దగ్గర అది కుదరదు. తిరిగే యంత్రాల దగ్గర, ఆహారం ప్యాక్ చేసే చోట ఊడిపడే పిన్నులు అసలు ఒప్పుకోరు. అక్కడివాళ్లకి నాణెమే ఇవ్వండి.

ప్రశ్న: వీటన్నిటికీ బదులు కంప్యూటర్లో డిజిటల్ బ్యాడ్జీ ఇస్తే సరిపోదా?
– ఒక సాఫ్ట్‌వేర్ టీమ్ లీడర్

జవాబు: కొన్నిచోట్ల సరిపోతుంది. జర్మన్ వికీపీడియాలో కొత్తగా రాయడం మొదలుపెట్టినవాళ్లలో కొందరికి కేవలం తెరమీద కనిపించే గుర్తింపు ఇస్తే, ఆ తర్వాత కూడా రాస్తూ నిలిచినవాళ్లు 20 శాతం పెరిగారని యానా గాలస్ 2017లో ప్రచురించారు. అక్కడ పనీ తెరమీదే, తోటివాళ్లూ తెరమీదే. మీ టీమ్ వేర్వేరు చోట్ల నుంచి పనిచేస్తుంటే అది చాలు. కాకపోతే ఉద్యోగం మారిన రోజే లాగిన్‌తో పాటు ఆ బ్యాడ్జీ కూడా పోతుంది. కనీసం సంతకం చేసిన ప్రశంసాపత్రం ఒకటి ఇంటికి పంపండి.

ఆ కాగితం 250 జీఎస్ఎంకు (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు) తగ్గకుండా ఉండాలి. లామినేషన్ వద్దు, ఒకసారి గాలి చొరబడితే బుడగలొచ్చి, తీయబోతే కాగితం చిరుగుతుంది. లేజరు ప్రింటరులో తీసినదాన్ని పీవీసీ కవరులో పెడితే కొన్ని నెలల్లో నల్ల అక్షరాలు కవరుకి అంటుకుని వస్తాయి, పాలీప్రొపైలిన్ కవరు అడగండి. ఫ్రేము కట్టిస్తే కాగితానికీ అద్దానికీ మధ్య మౌంటు (అట్ట చట్రం) పెట్టించి, ఎండ పడని గోడకి తగిలించుకోమని చెప్పండి.

ప్రశ్న: అందరి ముందు పిలిచి ఇస్తామంటే మా దగ్గర ఒకావిడ వద్దంటున్నారు. బలవంతం చేయొచ్చా?
– పేరు రాయని పాఠకురాలు

జవాబు: చేయకూడదు. ఆమె పనిచేసే బల్ల దగ్గరికే వెళ్లి, ఆ పని విలువ తెలిసిన ఇద్దరు ముగ్గురి ఎదుట ఇవ్వండి. ఫొటో తీసేముందు అడగండి. పని నలుగురు కలిసి చేసిందైతే, "వాళ్లని వదిలేసి నన్నొక్కదాన్నే పిలుస్తున్నారు" అన్నది ఆమె అభ్యంతరం కావచ్చు. కనుక్కోండి. అదే అయితే నలుగురి పేర్లతో నాలుగు చేయించండి, ఒక పెద్ద షీల్డు మీద నాలుగు పేర్లు వేసి ఎవరింట్లో పెట్టుకోవాలో తేలని పరిస్థితి తేవద్దు.